ఒక్క ముద్ద

శుక్రవారం పొద్దున త్రిమూర్తులు రేవు నుంచి తెచ్చిన బుట్టలో బొమ్మిడాయిలు ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. లక్ష్మీదుర్గ బుట్టకేసి చూసింది, మొగుడికేసి చూసింది, మళ్ళీ చేటలోని బియ్యం మీదికి తల దించేసింది.

"ఎక్కడివి మావా ఇవి?"

"ఎక్కడివేంటి? మన ఏట్లోవే. తెల్లారగట్ల వల వేశాను."

"నువ్వు వేశావా?"

"నా వల ఇంకెవరేస్తారు మరి?" అని త్రిమూర్తులు తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అటు తిరిగాడు. కోపంగా మాట్లాడాల్సి వస్తే అతను ఎప్పుడూ అటు తిరిగే మాట్లాడతాడు. ఎదురుగా నిలబడితే అతనికి కోపం నిలవదు.

బుధవారం నుంచి గోదావరి మధ్యనున్న నడిమిలంకలో ఎవరూ వల వెయ్యలేదు. లంకకి ఎగువనున్న ఇసుక ర్యాంపులో పనికి వెళ్ళిన అబ్బులు మంగళవారం సాయంత్రం ఇంటికి రాలేదు. అబ్బులు లక్ష్మీదుర్గకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళింకా కాలేదు, అక్క వండి పెట్టిందే తింటాడు. ర్యాంపులో ఇసుక తోడే మెషిను బోటు మీద అతని పని. నీళ్ళడుగున పైపుకి వేరో చెట్టుకొమ్మో అడ్డం పడితే మునిగి తీసేది అతనే.

ఏట్లో మనిషి ఉన్నాడన్న అనుమానం వస్తే చాలు, ఆ లంకలో వల నీళ్ళని తాకదు, ఏటి చేప పొయ్యెక్కదు. అందరూ కలిసి నావల మీద వెతుకుతారు. మనిషి దొరికి, ఒడ్డున చెయ్యాల్సింది చేసి, ఆడవాళ్ళు ఏట్లో పసుపు నీళ్ళు పోశాకే మళ్ళీ వలలు విప్పుతారు. ఈ పట్టింపు చేపలు పట్టేవాళ్ళదే కాదు, లంకలో అరటితోటలూ కొబ్బరితోటలూ ఉన్న రైతులది కూడా.

చిక్కేమిటంటే అబ్బులు ఏట్లో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. ర్యాంపు గుమాస్తా సురేష్‌బాబు మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు. మంగళవారం మధ్యాహ్నం అబ్బులు పని మానేసి, సంచి భుజాన వేసుకుని, వైజాగు హార్బర్లో బోట్ల మీద పనికి పోతున్నానని చెప్పి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాడట. ఆ మాట కొట్టిపారెయ్యడానికీ లేదు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి అబ్బులు వైజాగు పాటే పాడుతున్నాడు. ఆ విషయం మీదే సోమవారం బావతో మాటా మాటా అనుకున్నాడు కూడా. ఫోను స్విచాఫ్ వస్తోంది.

"అలిగి పోయినోడి కోసం ఊరంతా వలలు మూటగట్టుకు కూర్చుంటే ఎలా దుర్గా?" అన్నాడు త్రిమూర్తులు, అటు తిరిగే. "పేటలో అందరూ నీకేసే చూస్తున్నారు. వాడి అక్క వండుకు తింటే వాళ్ళూ వలేస్తారు. నువ్వు తినకపోతే వాళ్ళు వెయ్యరు. పిల్లలున్నోళ్ళు, ఎన్నాళ్ళని కూర్చుంటారు?"

"నావలేసుకుని ఓసారి ఎగువకెళ్ళి చూస్తే ఏం పోయింది?"

"ర్యాంపులోకి రానిస్తారేంటి మనల్ని? పైగా ఎల్లుండి బాబుగారి భోజనాలున్నాయి. కిందటి వారమే చెప్పారు కదా, రాజమండ్రి నుంచి చుట్టాల్లాంటి వాళ్ళొస్తారు, ఏటి బొమ్మిడాయిలే కావాలని."

బాబుగారంటే జగన్నాథరావు. ర్యాంపు ఆయనదే. రేవు పక్కన లక్ష్మీదుర్గ వాళ్ళ హోటలు ఉన్న జాగా కూడా ఆయనదే. హోటలంటే పెద్దదేం కాదు. తాటాకు పాక, నాలుగు ప్లాస్టిక్ టేబుళ్ళు, వెనకాల రెండు కట్టెల పొయ్యిలు, గుమ్మం మీద 'మరిడమ్మ భోజన హోటల్' అని ఒక ఫ్లెక్సీ. ఆ మరిడమ్మ త్రిమూర్తులు తల్లి. ఆదివారమైతే అవతలి ఒడ్డున కార్లు ఆపి, పడవెక్కి వచ్చి మరీ తినిపోతారు జనం. వండే చెయ్యి ఇప్పుడు మరిడమ్మది కాదు, కోడలిదే అయినా, ఫ్లెక్సీ మార్చాలని ఎవరికీ తోచలేదు.

లక్ష్మీదుర్గ చాలాసేపు చేట పట్టుకుని కూర్చుంది. మూడు రాత్రులుగా ఆమె కళ్ళకి తమ్ముడు రెండు రకాలుగా కనిపిస్తున్నాడు. ఒకటి తల్చుకుంటే ఊపిరాడదు. రెండోదాంట్లో వాడు వైజాగులో ఒక పెద్ద బోటు మీద చేపలు ఏరుతూ, ఎవరితోనో పోట్లాడుతూ ఉంటాడు. ఆ రెండోదే కావాలి ఆమెకి. ఆ మాట ఎవరు చెప్పినా వినబుద్ధవుతోంది, సురేష్‌బాబు లాంటి అబద్ధాలపుట్ట చెప్పినా సరే.

లేచి వెళ్ళి పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చింది. బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్క బొమ్మిడాయినీ తలకాయ దగ్గర పట్టుకుని, బూడిద పులిమి, గరుకు బండ మీద వేసి రుద్దింది. జిగురంతా పోయి చర్మం తెల్లబడేదాకా రుద్దింది. ఎప్పుడూ రుద్దేదానికన్నా ఎక్కువే రుద్దింది.

గుమ్మంలో కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తున్న మరిడమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"వండుతున్నావేమే?"

"వండుతున్నాను."

"నేను తినను."

"నిన్నెవరు తినమన్నారు అత్తా?"

"నేననేది అది కాదే పిల్లా. తెలీనప్పుడు ఆగాలి. తెలిసిందాకా ఆగాలి. ఈ జగన్నాథరావుగారి చిన్నాన్న ఏట్లో పోయినప్పుడు నేను కొత్త కోడల్ని. ఈయనకప్పుడు నిక్కరేసుకునే ఈడు. పనిమనిషికి సంగతి తెలీక ఏటి రొయ్యలు ఇగురు పెట్టి పిల్లాడికి అన్నం కలిపి పెట్టేసింది. తిన్నాక తెలిసింది వాడికి. కక్కీ కక్కీ జ్వరం తెచ్చుకున్నాడు. ఏడాది దాకా ఆ ఇంట్లో ఏటి చేప గడప దాటి లోపలికి రాలేదు. అంత ఉన్నోళ్ళకే ఉంది పట్టింపు."

"వాళ్ళకి తెలుసు కదా అత్తా, మనిషి ఏట్లో ఉన్నాడని! నీకేం తెలుసు? నువ్వు చేప మానేశావంటే మా తమ్ముడు చచ్చిపోయాడని చెప్పినట్టే కదా!" లక్ష్మీదుర్గ గొంతు పైకి లేచింది. "నేను తింటాను. అందరూ చూస్తుండగా తింటాను. వాడు వైజాగులో ఉన్నాడు."

మరిడమ్మ చింతపండు గిన్నె కోడలి వైపు జరిపింది.

ఉల్లిపాయ ముద్ద వేగి నూనె తేలాక పులుసు పోసి, తెర్లాక ముక్కలు వదిలింది. బొమ్మిడాయిల పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. దాకని రెండు అంచులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి.

మధ్యాహ్నం హోటలు అరుగు మీద, రేవుకెదురుగా కంచం పెట్టుకు కూర్చుంది. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని నిలబడిపోయారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలలెత్తి చూశారు. లక్ష్మీదుర్గ అన్నంలో పులుసు కలిపి, ముక్క తుంచి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. రుచి తెలియలేదు. నమిలి మింగింది. ఇంకో ముద్ద తింది. దేవుడి ముందు మొక్కు తీర్చుకున్నంత శ్రద్ధగా కంచం ఖాళీ చేసి లేచింది.

సాయంత్రానికల్లా నావలు కదిలాయి. పేటలో వాళ్ళు ఒకరి వెనక ఒకరు వలలు వేశారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన "మంచి పని చేశావమ్మా, మా గుండెల మీంచి బరువు దించావు" అన్నాడు. లక్ష్మీదుర్గకి కూడా బరువు దిగినట్టే అనిపించింది.

శనివారం మాత్రం మనసు ఊరుకోలేదు. అరటిగెలలు దాటించే పడవ ఎగువకి పోతుంటే అందులో ఎక్కి ర్యాంపు దగ్గర దిగింది. ఏటి మధ్యలో ఇసుక తోడిన గుంటలు వరసగా ఉన్నాయి. గుంట ఉన్నచోట నీళ్ళు నల్లగా, కదలకుండా ఉంటాయి. మొదటి గుంట మీద మెషిను బోటు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. రెండో గుంట చుట్టూ వెదురుగడలు పాతి, ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. అక్కడుండాల్సిన బోటు ఒడ్డున కట్టేసి ఉంది. అబ్బులు పనిచేసేది ఆ బోటు మీదే.

"రిపేరక్కా" అన్నాడు సురేష్‌బాబు, ఆమె అడక్కుండానే. షెడ్డులోంచి గబగబా బయటికొచ్చి దారికడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడిదాకా ఎందుకొచ్చావు? చెప్పాను కదా, మీవాడు వైజాగు వెళ్ళాడని."

"ఏ బోటు మీదకెళ్తున్నాడో చెప్పాడా తమ్ముడూ?"

"నాకెందుకు చెప్తాడక్కా? కుర్రాళ్ళు మన మాట వింటారా?"

లక్ష్మీదుర్గ అతని భుజం మీదుగా షెడ్డులోకి చూసింది. పనివాళ్ళు సంచులు తగిలించే మేకులు కనిపించాయి. చివరి మేకు ఖాళీగా ఉంది. సంచి తీసుకునే వెళ్ళాడన్నమాట. అవతల కూర్చుని అన్నాలు తింటున్న పనివాళ్ళలో ఒకడు ఆమెని చూసి టిఫిను మూత పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.

"వెళ్ళేటప్పుడు ఒంటి మీద ఏముంది?"

సురేష్‌బాబు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీలం బనీను. గళ్ళ లుంగీ."

లక్ష్మీదుర్గకి ప్రాణం లేచి వచ్చింది. నిజమే. నీలం బనీను, గళ్ళ లుంగీ. తనే ఉతికి ఆరేసిన బట్టలు. చూడకుండా అంత సరిగ్గా ఎలా చెప్తాడు? ఈ మనిషి గురించి అన్యాయంగా అనుకున్నానే అని సిగ్గుపడింది కూడా. వచ్చేటప్పుడు పడవలో పక్కనున్నావిడకి అడక్కపోయినా తమ్ముడి సంగతులు చెప్పింది. వాడికి కారం తక్కువైతే కంచం తోసేస్తాడని, వైజాగులో వాడి కోపం ఎవరు పడతారో అని నవ్వింది. ఆ బట్టలు అబ్బులు మంగళవారం పొద్దున పనిలోకి వేసుకెళ్ళినవేనన్న సంగతి ఆ రోజంతా ఆమె బుర్రకి తట్టనే లేదు. తట్టకూడదనుకుంటే ఎంత పెద్ద సంగతైనా తట్టదు కదా.

ఇంటికొచ్చేసరికి త్రిమూర్తులు కోడిని పట్టుకోవడానికి పెరడంతా పరుగులు పెడుతున్నాడు.

"బాబుగారు ఫోన్ చేశారు. రేపు ఒక నాటుకోడి కూడా కొయ్యమన్నారు."

"చేపల భోజనాలకి కోడెందుకు? ఎప్పుడూ అడగరే!"

"పెద్దోళ్ళు. ఏదడిగితే అది చెయ్యడమే మన పని" అని కోడి రెక్కలు దొరకబుచ్చుకుని అరిచాడు, "ఇంతకీ నువ్వెళ్ళిన పనేమైంది? సురేష్‌బాబు చెప్పింది నిజమేనంటావా?"

"నిజమే మావా. ఒంటి మీది బట్టలు కూడా సరిగ్గా చెప్పాడు."

అతని మొహం విచ్చుకుంది. సోమవారం నాటి మాటల బరువు అతని మీద ఎంతుందో లక్ష్మీదుర్గకి అప్పుడు తెలిసింది. మనిషి బతికే ఉంటే మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు కలుసుకుని ఆ మాటలు వెనక్కి తీసుకోవచ్చు.

ఆదివారం ఎండ బాగా ఎక్కాక రేవులో ఇంజను పడవ ఆగింది. జగన్నాథరావు ముందు దిగి, పంచె అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని ఒడ్డెక్కాడు. ఆయన వెనక విజయ్ పాల్, అతని భార్య దేవిశ్రీ దిగారు. విజయ్ పాల్ రాజమండ్రిలో అపార్టుమెంట్లు కట్టే మనిషి. ఆయన కట్టేవాటికి ఇసుక ఈ ర్యాంపు నుంచే పోతుంది. దేవిశ్రీ వస్తూనే పాకనీ, పొయ్యినీ, మరిడమ్మనీ ఫోన్లో ఫొటోలు తీసుకుంది.

"అబ్బ, వాసన అవతలి ఒడ్డుకే వచ్చిందమ్మా!" అన్నాడు విజయ్ పాల్. "మా బాబుగారు చెప్తే ఏదో అనుకున్నాను."

లక్ష్మీదుర్గ నవ్వి, తుడిచిన అరిటాకులు పరిచింది. ఆమెకి ఆ పూట కాస్త హుషారుగానే ఉంది. తెల్లారగట్లే లేచి నూరింది, తరిగింది, రెండు పొయ్యిలూ వెలిగించింది. పులుసు ఉప్పు చూడ్డానికి గరిటె అంచున ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, బాగుందనుకుంది.

జగన్నాథరావు హోటలుకొస్తే ఒక పద్ధతుంది. తిన్నగా వంటింట్లోకి వచ్చేసి, దాక మీద మూత తనే తీసి, వాసన చూసి, "తోక ముక్కలు నాకు దాచు లక్ష్మీదుర్గా" అని చెప్పి వెళ్తాడు. ఇవాళ రాలేదు. ఏటికి ఎదురుగా ఉండే కుర్చీ ఎప్పుడూ ఆయనది. ఇవాళ అందులో విజయ్ పాల్‌ని కూర్చోబెట్టి, తను ఏటికి వీపు పెట్టి కూర్చున్నాడు. అతిథి మర్యాద కాబోలనుకుంది లక్ష్మీదుర్గ.

అన్నాలు వడ్డించి పులుసు పోసింది. ఒక్కో ఆకులో నాలుగేసి ముక్కలు వేసింది. జగన్నాథరావు ఆకులో దాచిన తోక ముక్కలు వేసింది. విజయ్ పాల్ తలెత్తలేదు. దేవిశ్రీ వేళ్ళు నాక్కుంటూ, వాళ్ళ వంటమనిషి చేసే పులుసు పులుసే కాదని తీర్మానించేసింది. మరిడమ్మ మూల పీట మీద కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

రెండోసారి అన్నం పట్టుకొచ్చినప్పుడు లక్ష్మీదుర్గ చూసింది. జగన్నాథరావు ఆకులో తోక ముక్కలు ఒక పక్కగా జరిగి ఉన్నాయి. పులుసు తగిలిన అన్నం కూడా వేలితో అవతలికి నెట్టేసి ఉంది. ఆయన మిగతా అన్నంలో కోడికూర కలుపుకుంటున్నాడు. కలుపుతున్న వేళ్ళు ఆ ముక్కల వైపు పోకుండా ఆకు ఇవతలి సగంలోనే తిరుగుతున్నాయి.

"బాగా కుదర్లేదాండి?" అని అడిగింది.

"బాగుందమ్మా, బాగుంది. ఒంట్లో నలతగా ఉంటే డాక్టరు చేప మానమన్నాడు. పథ్యం."

"పథ్యమా!" దేవిశ్రీ పకపకా నవ్వింది. "అన్నయ్యగారూ, అబద్ధమైనా అతకాలండి. నిన్న కాకినాడలో వంజరం వేపుడు మా ఇద్దరి ప్లేట్లలోవి కూడా లాగించారుగా! సముద్రం చేపకి లేని పథ్యం గోదావరి చేపకొచ్చిందా?"

విజయ్ పాల్ కూడా నవ్వాడు. జగన్నాథరావు నవ్వబోయాడు గానీ పెదాలు సరిగ్గా సాగలేదు. మంచినీళ్ళ గ్లాసందుకుని ఎత్తి తాగాడు.

లక్ష్మీదుర్గ చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. నిన్న వంజరం తిన్న మనిషి ఇవాళ ఏటి చేప ముట్టడం లేదు. చేపల భోజనాలకి కోడిని కొయ్యమన్నది చుట్టాల కోసం కాదు, తన కోసం. ఏటికి వీపు పెట్టి కూర్చున్నది మర్యాద కోసం కాదు. మూలకి చూసింది. మరిడమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ముసలామె జగన్నాథరావు ఆకుకేసే చూస్తోంది. నిక్కరేసుకునే ఈడులో కక్కీ కక్కీ జ్వరం తెచ్చుకున్న పిల్లాడు గుర్తొచ్చాడు కాబోలు ఇద్దరికీ ఒక్కసారే.

అన్నం గిన్నె టేబులు మీద పెట్టింది. జగన్నాథరావు కుర్చీ పక్కన నేల మీద మోకాళ్ళు ఆన్చి కూర్చుంది. అవతలికి నెట్టేసిన పులుసన్నాన్ని తన వేళ్ళతోనే ఆయన ముందుకి జరిపింది. తోక ముక్క తుంచి అందులో పెట్టింది.

"ఒక్క ముద్ద తినండి బాబుగారూ."

"ఏంటిది లక్ష్మీదుర్గా? లే, లే."

"ఒకే ఒక్క ముద్దండి. మీరింకేం చెప్పక్కర్లేదు. మీరీ ముద్ద తింటే మా తమ్ముడు వైజాగులో ఉన్నాడని నమ్ముతాను. ఇంక మిమ్మల్ని గానీ సురేష్‌బాబుని గానీ ఒక్క మాటడిగితే ఒట్టు."

"ఏమైందండీ ఈవిడకి?" అన్నాడు విజయ్ పాల్. దేవిశ్రీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

త్రిమూర్తులు నీళ్ళ బిందెతో వస్తూ గుమ్మంలోనే ఆగాడు. "దుర్గా!" అని గసిరాడు. ఇప్పుడతను అటు తిరగలేదు.

జగన్నాథరావు చుట్టూ చూశాడు. నవ్వులాట కింద తీసిపారేసే వీల్లేదని గ్రహించినట్టున్నాడు. చెయ్యి ఆకులోకి పోనిచ్చి ముద్ద చేశాడు. పులుసు వేళ్ళ మీంచి మణికట్టు దాకా కారింది. ముద్ద పైకి లేచింది, గడ్డం దాకా వచ్చింది. లక్ష్మీదుర్గ కళ్ళప్పగించి చూస్తోంది. తినెయ్యాలి దేవుడా, తినెయ్యాలి, తింటే చాలు అని మనసులో ఎంత గట్టిగా మొక్కుకుందో ఆ ఏటికే తెలియాలి. ఆ క్షణంలో ఆయన మీద ఆమెకి పగ లేదు. ఆయన దొంగ కాకూడదనీ, తనే పిచ్చిది కావాలనీ కోరుకుంది.

ఆయన పెదాలు విడివడ్డాయి. ముద్ద మళ్ళీ ఆకులోకి దిగింది. కాసేపు దానికేసి చూసి, ఎడమ చేత్తో ఆకు అంచు పట్టుకుని, చేప ముక్కల మీదుగా మడిచేశాడు.

పొయ్యిలో కట్టె చిటపటలాడడం వినిపించింది.

ఆయన లేచి, పాక వెనక్కి వెళ్ళి తొట్టి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు. లక్ష్మీదుర్గ వెనకే వెళ్ళింది. సబ్బుతో ఒకసారి కడిగి, మళ్ళీ సబ్బు రాసుకున్నాడు. ఆమె చెంబు తీసి ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది.

"ఏ గుంటండి?"

జగన్నాథరావు తల తిప్పలేదు. చేతులు తుడుచుకుంటున్న తువ్వాలులోకే అన్నట్టు చాలా మెల్లగా అన్నాడు.

"రెండోది."

తరవాత పడవవాణ్ణి కేకేసి, ఎవరితోనూ మాట్లాడకుండా రేవులోకి నడిచాడు. విజయ్ పాల్, దేవిశ్రీ ఏం జరిగిందో అర్థంకాక చెప్పులు చేత పట్టుకుని ఆయన వెంట పరిగెత్తారు. సగం తిన్న ఆకుల మీద ఈగలు వాలాయి.

లక్ష్మీదుర్గ పొయ్యి దగ్గరికి వెళ్ళి మండుతున్న కట్టెలు బయటికి లాగి చెంబులో మిగిలిన నీళ్ళు చల్లింది. కట్టెలు బుస్సుమన్నాయి. మరిడమ్మ వచ్చి, కాలుతున్న దాకని రెండు అంచులా పట్టుకుని, పెరట్లో అరటిచెట్టు మొదట్లో పులుసంతా ఒంపేసింది. చేతులు కాలినా గుడ్డ కోసం వెతుక్కోలేదు.

"అత్తా, నేను తిన్నాను కదే" అంది లక్ష్మీదుర్గ. "అందరూ చూస్తుండగా తిన్నాను. నేను తినబట్టే వాళ్ళు వలలేశారు. లేకపోతే ఈపాటికి ఎగువకి వెళ్ళి వెతికేవాళ్ళు. నేను తినడమంటే వెతకొద్దన్నట్టే కదా."

మరిడమ్మ కోడలి తల తన కడుపుకి అదుముకుంది.

త్రిమూర్తులు అప్పటికే రేవులోకి దిగి కేకలు పెడుతున్నాడు. "వలలు తీసెయ్యండ్రా! ఏట్లో మనిషున్నాడు! మావోడే!" ఆ కేక నీళ్ళ మీదుగా పోయి ఒక్కో నావనీ తాకింది. చేపలు చిక్కిన వలల్ని చిక్కినట్టే పైకి లాగి, చేపల్ని ఏట్లోకే దులిపేస్తున్నారు. మొన్న మంచి పని చేశావమ్మా అన్నాయన నావలో నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నావలన్నీ ఒక్కొక్కటే ముక్కు తిప్పి ఎగువకి సాగుతున్నాయి. ఇంక ర్యాంపువాళ్ళు రానిస్తారా లేదా అని ఎవరూ అడగలేదు.

త్రిమూర్తులు నావ విప్పి, గడ పట్టుకుని పెళ్ళాం కోసం ఆగాడు.

లక్ష్మీదుర్గ రేవు మెట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. నోరంతా పులుసు వాసనగా, చేదుగా ఉంది. పుక్కిలిద్దామని ఒంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది. నోటి దాకా తెచ్చాక చేతులు ఆగిపోయాయి. ఎగువనుంచి, ఆ గుంట మీదుగా వస్తున్న నీళ్ళే అవి. వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా వాటికేసే చూస్తూ నిలబడింది. తరవాత చీర చెంగుతో నోరు గట్టిగా, పెదవి చిట్లేలా తుడుచుకుని నావ ఎక్కింది.